పరదేశ సమరము, ప్రజల సమ్మతి

ఖరగ్‌పూర్ పట్టణమున ఇందా యను పేట కలదు. అచ్చట ఖరగేశ్వరుని ఆలయమున్నది. ఊరికి ఆ పేరు ఆ దేవుని వలననే వచ్చినదని స్థానికులు చెప్పుదురు. 1949లో స్థాపింపబడిన ఖరగ్‌పూర్ కళాశాల కూడ ఆ పేటలోనే యున్నది. కాని ఊరిని పెంచినది దేవాలయము కాదు, కళాశాల కాదు, రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఇచ్చట కూడలిని, గొప్ప కర్మాగారమును నిర్మించిన పిమ్మట గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి తెలుగు కుటుంబములు వేలకొలదిగా వచ్చి చేరెను. బెంగాలీ, హిందీలతోపాటు తెలుగు మాట చెవిని పడకుండ రైల్వే కాలనీలను దాటిపోవుట నేటికిని కష్టమే.

రైల్వే పట్టణమునకు యుద్ధవార్త పత్రికలకన్న ముందు బండ్ల వలన తెలియును. సైనికుల బండికి దారి యిచ్చుటకై తక్కిన బండ్లు ప్రక్కపట్టాలమీద నిలిచిపోవును. కర్మాగారములో పని వేళలు పెరుగును. సామాను పెట్టెలు వచ్చిన దారినే రాత్రికి రాత్రి పోవును. ఆ బండిలో కూర్చున్న యువకుడెచ్చటికి పోవుచున్నాడు? ఎవరితో పోరాడబోవుచున్నాడు? అతనిని పంపువారికి ఆ యధికారమెవరిచ్చిరి? మొదటి రెండు ప్రశ్నలకు సేనాధికారులు జవాబు చెప్పగలరు. మూడవది వారి ప్రశ్న కాదు. అది జాతి తనను తాను వేసికొనవలసిన ప్రశ్న. మన దేశమున ఆ ప్రశ్న ఎట్లు పుట్టినదో, ఎట్లు పెరిగినదో, నేడు ఏ స్థితిలో నున్నదో పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఈ కథలో పెక్కు ఘట్టములు హౌరా నుండి ఖరగ్‌పూర్ మీదుగా వాల్తేరునకు పోవు దారికి దగ్గరలోనే జరిగినవి. ఆ దారితో జీవితమును ముడివేసికొన్న తెలుగువాడొకడు ఇందులో పలుమారులు కనబడును.

తెలుగువానికిని బెంగాలునకును గల సంబంధము రైలుతో ప్రారంభము కాలేదు. 1756–57లో క్లైవు మదరాసు నుండి ఓడలమీద బెంగాలునకు తెచ్చిన సేనలో దక్షిణదేశపు సిపాయీలుండిరి. వారిని ఇచ్చటివారు తెలింగాలనిరి. క్రమముగా ఆ మాట ఒక జాతి పేరుగా గాక సిపాయికే పర్యాయపదమై, బెంగాలులోను బీహారులోను చాలకాలము నిలిచెను. పరుల జగడములో పోరాడుటకై కొనిపోబడినవానికి మన జాతి పేరే స్థిరపడినదనుట మనము గర్వింపవలసిన విషయమో, విచారింపవలసిన విషయమో పాఠకులే నిర్ణయింపగలరు. ఆ సిపాయీలను ఎవరును అడుగలేదు. వారి గ్రామములనంతకంటె అడుగలేదు. జీతము తినుచున్నవాడు ఎచ్చటికి పొమ్మన్న అచ్చటికి పోవలెననుటయే నాటి న్యాయము.

చర్చకు సభ లేనిచోట నిరాకరణమే చర్చ యగును. 1780 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణములో, హైదరాలీపై యుద్ధమునకై ఓడనెక్కి మదరాసునకు పొమ్మన్నపుడు సర్కారు పటాలపు సిపాయీలు ఎదురు తిరిగిరి. కొందరు తెల్ల అధికారులు ఆ కల్లోలములో హతులైరి. 1824లో బర్మా యుద్ధము వచ్చెను. మదరాసు దళములు సముద్రము దాటి పోయెను; కాని కలకత్తా ప్రక్కన బారక్‌పూరులో బెంగాలు పటాలమొకటి, తన బాధలు తీర్చనిదే కదలనని నిలిచిపోయెను. నవంబరు 2వ తేదీన ఫిరంగులతో ఆ దళమును చెదరగొట్టిరి. ఆ పిదప కంపెనీవారు నేర్చుకొన్న పాఠము సిపాయిని అడుగవలెనని కాదు, సిపాయి కాదనుటకు వీలు లేకుండ చేయవలెనని. 1856లో, కొత్తగా చేరువారందరును సముద్రము దాటియైనను సేవ చేయుటకు అంగీకరించియే చేరవలెనని శాసనము చేసిరి. చేరినపుడు పెట్టిన ఒక్క వ్రేలిముద్ర, ముందు రాబోవు అన్ని యుద్ధములకును సమ్మతి యయ్యెను.

1914లో ఐరోపా యుద్ధము వచ్చునప్పటికి చదువుకొన్న భారతీయులు ఈ విషయమున తమ అభిప్రాయములను చెప్పుటకు ప్రారంభించిరి. మన కథలోని తెలుగువాడు ఇచ్చట ప్రవేశించును. గంజాము జిల్లా బరంపురములో 1894లో జన్మించిన వరాహగిరి వేంకటగిరి అపుడు డబ్లినులో న్యాయశాస్త్రము చదువుచుండెను. దక్షిణాఫ్రికా నుండి ఇంగ్లండునకు వచ్చిన గాంధీ, భారతీయ విద్యార్థులను గాయపడినవారి సేవాదళములో చేరుమని కోరెను. గిరి లండనులో గాంధీని కలిసికొని మొదట అంగీకరించెను. పిదప పశ్చాత్తాపపడి మరలిపోయెను. గాంధీ అతనిని నొప్పింపక విడిచిపెట్టెను. అప్పటి డబ్లినులో ఇదే వాదము మరింత తీవ్రముగా నడచుచుండెను. ఐర్లండు నాయకుడు రెడ్మండు 1914 సెప్టెంబరు 20వ తేదీన, ఐరిష్ యువకులు స్వదేశములోనే కాక ఎచ్చట పోరు జరిగిన అచ్చటికి పోవలెనని బోధింపగా, ఐరిష్ వాలంటీర్ల దళము రెండుగా చీలిపోయెను. స్వపరిపాలనమునకు ప్రతిఫలముగా సైనికుల నిచ్చుట ఒక పక్షము; స్వపరిపాలనము లేనిదే ఇచ్చుటకు మనకేమి హక్కున్నదని రెండవ పక్షము. 1916 ఏప్రిలులో డబ్లిను తిరుగుబాటు జరిగిన తరువాత గిరి ఆ దేశము విడువవలసి వచ్చెను. చదువుతోపాటు ఈ రెండు పక్షముల వాదమును కూడ అతడు వెంట తెచ్చుకొనెననుటలో సందేహము లేదు.

ఇట్టి వాదము స్వతంత్రాధికారము గల దేశములలో ఎట్లు తీరినదో చూడదగినది. బలవంతముగా సైన్యములో చేర్చుకొని సముద్రము దాటించుటకు అధికారము కావలెనని ఆస్ట్రేలియా ప్రభుత్వము ప్రజలను అడిగెను. 1916 అక్టోబరులో ఒకసారి, 1917 డిసెంబరులో మరియొకసారి ప్రజలు ఓటు వేసి కాదనిరి. యుద్ధము నడుమ అడిగిరి. కాదన్నను రాజ్యము కూలిపోలేదు. భారతదేశము నుండి ఆ యుద్ధమునకు విదేశములకు పోయినవారు 10 లక్షలకు మించిరి. 74 వేలమందికి పైగా మరణించిరి. ఆ ప్రజల నెవరును ఓటు అడుగలేదు.

1918లో వైస్రాయి ఢిల్లీలో యుద్ధసభ జరిపెను. గాంధీ దానికి సమ్మతి తెలిపి, ఖేడా జిల్లాలో సైనికులను చేర్చుటకు తానే గ్రామ గ్రామము తిరిగెను. శిస్తు సత్యాగ్రహములో అతనికి ఉచితముగా బండ్లిచ్చిన రైతులు, ఈ పనికి కిరాయికైనను బండి దొరకకుండ చేసిరి. అహింసావాది ఆయుధము పట్టుమనుటేమి, ప్రభుత్వము మనకు చేసిన ఉపకారమేమి యని నిలదీసిరి. ఆ తిరుగుటలో అతని ఆరోగ్యము పాడై ప్రాణము మీదికి వచ్చెను. మన చరిత్రలో సైన్యమును విదేశమునకు పంపు విషయమున ఒక నాయకునికిని సామాన్య రైతునకును ముఖాముఖిగా జరిగిన మొదటి చర్చ ఇదియే యని నా అభిప్రాయము. అందులో రైతు గెలిచెను. అదే సంవత్సరము జూనులో బొంబాయి యుద్ధసభలో తిలకు, స్వపరిపాలనమును సైనికాధికార పదవులను ప్రస్తావించుచు మాటాడబోగా గవర్నరు విల్లింగ్డను అడ్డగించెను. తిలకు సభను విడిచి వెలికి వచ్చెను. అతడు సైనికుల నియ్యనని చెప్పలేదు; ఇచ్చువాడు షరతు చెప్పవచ్చునా యని మాత్రమే అడిగెను. ఆ మాత్రము అడుగుటకు కూడ వీలు లేదని సభ తేల్చెను.

నాడు భారతీయ సైనికులలో అత్యధిక సంఖ్యాకులు పోయినది ఫ్రాన్సునకు కాదు, మెసొపొటేమియాకు. అనగా నేటి ఇరాక్ దేశమునకు. 1916 ఏప్రిలులో కుట్ అను ఊరిలో చుట్టుముట్టబడిన సేన ఆకలితో లొంగిపోయెను. మరుసటి సంవత్సరము బాగ్దాదు చేజిక్కెను. యుద్ధము ముగిసిన తరువాతను మన సైనికులు అచ్చటనే యుండిరి. 1920లో ఆ దేశపు ప్రజలు బ్రిటిషు పాలనపై తిరుగబడగా వారినణచుటకు ముఖ్యముగా వినియోగింపబడినది భారతీయ సేనయే. ఒక పరాధీన జాతి బిడ్డలు మరియొక జాతిని పరాధీనము చేయుటకు సాధనములైరి. ఆ సత్యము ఈ దేశమున చాలమంది మనస్సులను కలచివేసెను.

1921 జూలైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ సభ రెండు మాటలు చెప్పెను. బ్రిటిషు సైన్యములో కొలువు చేయుట ముస్లిములకు ధర్మము కాదనునది మొదటిది. అంగోరాలోని తురుష్క ప్రభుత్వముపై ఆంగ్లేయులు యుద్ధమునకు దిగిన యెడల, కాంగ్రెసుతో కలిసి శాసనోల్లంఘనము ప్రారంభింతుమనునది రెండవది. ఆ సభకు అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. సెప్టెంబరులో అతడు గాంధీతో కలిసి కలకత్తా నుండి మదరాసునకు బయలుదేరెను. ఆ బండి ఖరగ్‌పూర్ దాటి, కటకము, బరంపురము దాటి, 14వ తేదీన వాల్తేరు చేరెను. బండి ఆగిన వేళ, స్టేషను బయట చేరిన జనముతో మాటాడుటకు పోవుచుండగా మహమ్మదాలీని నిర్బంధించిరి. గాంధీ ఒంటరిగా ముందుకు సాగవలసి వచ్చెను. పరదేశ యుద్ధమునకు మన సైనికులు పోరాదన్న మాటకు అరెస్టు జరిగినది తెలుగు గడ్డమీద, మన రైలుదారి చివర.

కరాచీ విచారణము ఖాలిఖ్ దీనా మందిరములో జరిగెను. అలీ సోదరులతోపాటు డాక్టరు కిచ్లూ, మౌలానా హుస్సేను అహమదు మదనీ మున్నగువారును, శారదా పీఠపు శంకరాచార్యులును ముద్దాయిలు. నవంబరు 1వ తేదీన శంకరాచార్యుని విడుదల చేసి, తక్కినవారికి రెండేసి సంవత్సరముల శిక్ష విధించిరి. సర్కారు వాదము సులభమైనది: సైనికుని విధేయతను చెడగొట్టుట నేరము. దీనికి గాంధీ ఇచ్చిన సమాధానము ఆ చర్చనే మార్చివేసెను. కరాచీ తీర్మానము మతవిధిని ఆధారము చేసికొనినది. అతడు దానిని జాతిమర్యాదకు సంబంధించిన విషయముగా చేసెను. అక్టోబరు 4వ తేదీన బొంబాయిలో అతడును ఇతర నాయకులును కలిసి ఒక ప్రకటనపై సంతకములు చేసిరి. ఈ ప్రభుత్వము క్రింద ఉద్యోగిగా గాని సైనికుడుగా గాని పని చేయుట జాతిగౌరవమునకు విరుద్ధమనునది దాని సారము. విధేయత చెడగొట్టుట గురించి అతడు వ్రాసిన వ్యాసము, 1922 మార్చిలో అతనికి ఆరు సంవత్సరముల శిక్ష విధింపబడుటకు కారణమైన మూడు వ్యాసములలో నొకటి. నాలుగేండ్లకు ముందు ఖేడాలో సైనికులను చేర్చినవాడే అతడు! రైతు తనకు చెప్పిన జవాబును అతడు మరువలేదని దీనివలన తెలియుచున్నది.

అదే 1922 సెప్టెంబరులో చనక్ అనుచోట తురుష్కులతో పోరు తప్పదన్న పరిస్థితి ఏర్పడి, లండను ప్రభుత్వము అధినివేశ రాజ్యములను సేనలు పంపుమని అడిగెను. కెనడా ప్రధాని మెకంజీ కింగు, మా పార్లమెంటు నిర్ణయింపవలెనని బదులు చెప్పెను. ఆ జవాబులో వీరావేశము లేదు, వేదాంతము లేదు. కాని కరాచీలో చెరసాలకు పోయినవారు చెప్పదలచినది తుదకు ఆ మాటయే. చెప్పుటకు వారికి పార్లమెంటు లేకుండెను.

గిరి ఈ నడుమ కార్మికోద్యమములో దిగి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘమును నిర్మించిన ముఖ్యులలో నొకడయ్యెను. 1927లో ఖరగ్‌పూర్ కర్మాగారపు సమ్మె దేశమంతట పేరు పొందెను. ఆ సంవత్సరమే బ్రిటిషువారు భారతీయ దళములను షాంగైకి పంపిరి. డిసెంబరులో మదరాసు కాంగ్రెసు దానిని ఖండించి, ఆ సేనలను వెనుకకు పిలువవలెనని కోరెను. సమ్మె వేరు, షాంగై వేరుగదా యని అనిపించవచ్చును. కాని కర్మాగారములో పనివాని ప్రశ్న యేమి? నా శ్రమను గూర్చి నిర్ణయించునపుడు నన్ను పిలువవలదా యని. సైన్యమును గూర్చి జాతి అడిగినదియు నదియే.

1939 నాటికి ఈ ప్రశ్న పక్వమయ్యెను. ఆగస్టులో వార్ధాలో కాంగ్రెసు కార్యనిర్వాహక వర్గము, కేంద్ర శాసనసభ సమ్మతి లేకుండ ఈజిప్టునకును సింగపూరునకును సేనలు పంపుటను నిరసించెను. సెప్టెంబరు 3వ తేదీన లిన్లిత్‌గో ప్రభువు భారతదేశము యుద్ధములో నున్నదని ప్రకటించెను. ఒక్క భారతీయ ప్రతినిధినైనను సంప్రదింపలేదు. మరునాడు దక్షిణాఫ్రికా సభలో 80 ఓట్లకు 67 ఓట్లతో యుద్ధప్రవేశము నిర్ణయింపబడి, దానికి వ్యతిరేకించిన ప్రధాని పదవి విడిచెను. కెనడా పార్లమెంటు కూడి 10వ తేదీన వేరుగా యుద్ధము ప్రకటించెను. ఐర్లండు తటస్థముగా నుండెను. దక్షిణాఫ్రికాలో ఓటు తెల్లవారిదే యనుట నిజము. సర్వప్రజల సమ్మతి యని దానిని పొగడ నక్కరలేదు. అయినను అడుగవలెనన్న పద్ధతి యచ్చట నుండెను. నలుబది కోట్ల జనమునకు మాత్రము అట్టి పద్ధతియే లేకపోయెను.

కాంగ్రెసు పాలించుచున్న రాష్ట్రములలో శాసనసభలు, ప్రజల సమ్మతి లేకుండ దేశమును యుద్ధములో చేర్చుటకు విచారము తెలుపుచు తీర్మానములు చేసెను. అక్టోబరు చివర మదరాసు మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. రాజగోపాలాచారి ప్రధానిగా నున్న ఆ వర్గములో టంగుటూరి ప్రకాశము రెవెన్యూ మంత్రి. బెజవాడ గోపాలరెడ్డి స్థానిక పరిపాలన మంత్రి. కార్మిక, పరిశ్రమల మంత్రి వరాహగిరి వేంకటగిరి. 1914లో ఒంటరిగా మనస్సు మార్చుకొన్న విద్యార్థి, 1939లో ఒక ప్రభుత్వముతో కలిసి పదవి విడిచెను. 1940 అక్టోబరు 17వ తేదీన పవనారులో వినోబా భావే వ్యక్తి సత్యాగ్రహము ప్రారంభించెను. ధనముతో గాని, మనుష్యులతో గాని ఈ యుద్ధమునకు తోడ్పడరాదన్న మాటను బహిరంగముగా పలికి, వేలమంది చెరసాలలకు పోయిరి. వారు కోరినది ముఖ్యముగా మాటాడు స్వాతంత్ర్యము. యుద్ధమును గూర్చి వాదించు హక్కు కొరకే సత్యాగ్రహము చేయవలసి వచ్చినది.

ఎదుటి పక్షమునకు న్యాయము చేయనిది చరిత్ర కాదు. ఫాసిస్టులు గెలిచిన పక్షమున స్వాతంత్ర్యమను మాటయే మిగులదని మానవేంద్రనాథ రాయ్ వాదించెను. తెలుగు సాహిత్యమున గోపీచందు, అబ్బూరి రామకృష్ణారావు వంటివారు ఆయన భావములచే ఆకర్షింపబడినవారే. 1941 జూనులో జర్మనీ రష్యాపై బడిన తరువాత కమ్యూనిస్టులు దీనిని ప్రజాయుద్ధమనిరి. మన యువకులు ఆయుధవిద్య నేర్చుట కిదియే అదనని హిందూ మహాసభవారు తలచిరి. జాతీయ ప్రభుత్వమును ఏర్పరచినచో యుద్ధమునకు తోడ్పడుదుమని 1940 జూలైలో పూనాలో కాంగ్రెసే చెప్పెను. వీరందరిని మించి, 25 లక్షలమంది స్వయముగా సైన్యములో చేరిరి. 87 వేలమంది ప్రాణములర్పించిరి. ఇష్టపడి చేరినవారుండగా సమ్మతి లేదనుటెట్లు? ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు.

నా సమాధానమిది. చేరినవాని సమ్మతి వేరు, జాతి సమ్మతి వేరు. చేరినవాడు తన ప్రాణము నిచ్చుటకు ఒప్పుకొనెను. ఆకలి చేత ఒప్పుకొనెనో, ఆదర్శముచేత ఒప్పుకొనెనో అది అతని విషయము. కాని ఎవరిని శత్రువనవలెనో నిర్ణయించు భారమును అతనిమీద వేయరాదు. అది అతని తరఫున జాతి మోయవలసిన బరువు. జాతిని అడుగనపుడు ఆ బరువు మోయువారెవరును లేక సైనికునిమీదనే పడును. ఫాసిజమును ఎదిరించుట సరియైన పని కావచ్చును. సరియైన పనికి కూడ అడుగవలెను. దేశములు పొరబాటు నిర్ణయములను చర్చించి చేయుటయు కలదు, ఒప్పు నిర్ణయములను చర్చ లేకుండ చేయుటయు కలదు. కాని చర్చ లేని ఒప్పు యాదృచ్ఛికము; అది రెండవసారి ఒప్పగునన్న హామీ లేదు.

దూరదేశపు యుద్ధము దూరమున నిలువలేదు. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలమీద జపాను విమానములు బాంబులు వేసెను. మేదినీపురము జిల్లా తీరమున, శత్రువునకు చిక్కకుండ పడవలను తొలగించు విధానముచే జాలరుల బ్రదుకు చెడెను. సెప్టెంబరు 29వ తేదీన తమ్లుకులో జెండా పట్టి నడచిన వృద్ధురాలు మాతంగినీ హాజ్రా తుపాకి గుండ్లకు నేలకొరిగెను. అక్టోబరు 16వ తేదీన తుపాను వచ్చెను. మరుసటి యేడు కరవు వచ్చెను. ఖరగ్‌పూర్ చుట్టు పొలములలో విమానాశ్రయములు వెలసినవి. హిజ్లీ చెరసాల భవనమున అమెరికా బాంబర్ దళము తన ప్రధాన కార్యాలయమును పెట్టెను. ఆ భవనమున 1931 సెప్టెంబరులో ఇద్దరు రాజకీయ ఖైదీలు పోలీసుల తుపాకులకు బలియై యుండిరి. 1944 జూను 5వ తేదీన ఖరగ్‌పూర్ పరిసరముల నుండి లేచిన బి-29 విమానములు తమ మొదటి దాడిలో బాంబులు వేసినది బ్యాంకాకులోని రైల్వే కర్మాగారముపైన. ఒక రైల్వే పట్టణపు ఆకాశము నుండి బయలుదేరి మరియొక రైల్వే పనివారి పైకప్పులమీదికి! ఇచ్చటి పనివారిని గాని, అచ్చటి పనివారిని గాని దీనిని గూర్చి అడిగినవారు లేరు.

స్వాతంత్ర్యము వచ్చెను. 1939లో శాసనసభలు ఏ సమ్మతిని కోరినవో, ఆ సమ్మతిని అవసరము చేయు నిబంధన 1950 నాటి రాజ్యాంగమున వ్రాయబడినదా? లేదు. సర్వసైన్యాధిపత్యము రాష్ట్రపతియందుండును, యుద్ధము, శాంతి కేంద్ర జాబితాలోని విషయములు, మంత్రివర్గము నిర్ణయించును, పార్లమెంటునకు ఉత్తరువాది యగును. సేనను దేశము దాటించుటకు ముందు పార్లమెంటు అనుమతి పొందవలెనన్న మాట లేదు. దీనికి కారణములు లేకపోలేదు. శత్రువు సరిహద్దు దాటినపుడు సభ కూడువరకు ఆగలేము; రహస్యములను బజారున పెట్టలేము. స్వదేశ రక్షణ విషయమున ఈ వాదము సరియే. పరదేశమునకు పోవు సైన్యము విషయమున మాత్రము ఇది అంతగా నిలువదు. ఓడ సిద్ధమగుటకు పట్టు కాలములో సభ కూడగలదు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము 1994లో, సైన్యమును సాయుధ కార్యములకై వెలుపలికి పంపుటకు పార్లమెంటు అంగీకారము కావలెనని తీర్పు చెప్పెను.

నిబంధన లేనిచోట అలవాటే దిక్కు. మన అలవాటెట్లున్నదో చూతము. 1950లో కొరియా యుద్ధమునకు భారతదేశము పోరుసేనను పంపలేదు. లెఫ్టినెంటు కర్నలు రంగరాజు నాయకత్వమున ఒక వైద్యదళమును మాత్రమే పంపెను. 1914లో లండనులో గాంధీ తలపెట్టిన సేవాదళమునకు అది స్వతంత్ర రూపము. 1971లో పార్లమెంటు మార్చి 31వ తేదీననే తూర్పు బెంగాలు ప్రజలకు సానుభూతిని, మద్దతును తెలుపుచు తీర్మానించెను. డిసెంబరు 3వ తేదీన పాకిస్తాను విమానములు దాడి చేసిన రాత్రి అత్యవసర పరిస్థితిని ప్రకటించిన రాష్ట్రపతి ఎవరు? వరాహగిరి వేంకటగిరియే. సమ్మతి లేని యుద్ధమునకు నిరసనగా మంత్రిపదవి విడిచినవాడు, ముప్పది రెండేండ్లకు తన జాతి సైన్యమునకు రాజ్యాంగరీత్యా సర్వాధిపతియై, సభలు ముందుగానే తమ మనస్సు చెప్పిన యుద్ధమున సంతకము చేసెను. ఒక మనుష్యుని జీవితములో ఒక జాతి నడచిన దూరము ఇంత స్పష్టముగా కనబడుట అరుదు.

కాని ఆ దారి తిన్నగా సాగలేదు. 1987 జూలై 29వ తేదీన కొలంబోలో ఒడంబడిక జరిగెను. మరునాడే మన సైనికులు సింహళమున దిగిరి. పార్లమెంటున చర్చించి పంపుట కాదు, పంపి తెలియజేయుట యయ్యెను. శాంతి నిలుపుటకు పోయినవారు అక్టోబరు నాటికి యుద్ధము చేయుచుండిరి. సుమారు 1,200 మంది మరణించిరి. 1990 మార్చిలో చివరి దళములు మదరాసు చేరునపుడు తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతమునకు పోలేదు. ఆయన పక్షమున ఆయన కారణములుండవచ్చును. కాని ముందు జరుగవలసిన చర్చ జరుగనపుడు, అది వెనుక వచ్చి సైనికుని ఎదుట నిలుచునని ఆ దృశ్యము మనకు నేర్పుచున్నది.

2003లో ప్రశ్న మరల వచ్చెను. వింతగా ఆ పాత చోటనే వచ్చెను. అమెరికా, బ్రిటను ఇరాక్‌పై దండెత్తెను. ఏప్రిలు 8వ తేదీన లోకసభ ఏకగ్రీవముగా ఒక తీర్మానము చేసెను. ఏ మాట వాడవలెనని దినములకొలది తర్కించి, హిందీలో ‘నింద’ యను మాటను, ఆంగ్లమున దానికంటె మెత్తని మాటను పెట్టిరి. పిదప అమెరికా, ఉత్తర ఇరాక్ రక్షణకు మన సేన నొకదానిని, సుమారు 17 వేలమందిని, కోరెను. పత్రికలలో, సభలలో, సైన్యము నుండి విశ్రమించినవారిలో వాదము రేగెను. పోయినచో పెద్దరాజ్యముల సరసన కూర్చుందుమని కొందరు. మెసొపొటేమియాలో మన తాతల సమాధులున్నవి, మరల ఏల యని కొందరు. ప్రధాని వాజపేయి ప్రతిపక్ష నాయకురాలిని కూడ సంప్రదించెను. జూలై 14వ తేదీన మంత్రివర్గపు భద్రతా సమితి, ఐక్యరాజ్య సమితి స్పష్టమైన ఆదేశము లేనిదే పంపజాలమని నిశ్చయించెను. అంతకు ముందే, మార్చి 1వ తేదీన, తురుష్క పార్లమెంటులో తమ నేలను అమెరికా సేనలకిచ్చి తమ సేనలను వెలికి పంపు తీర్మానము 264 ఓట్లు పొందియు, కావలసిన ఆధిక్యమునకు కొద్దిలో తప్పిపోయెను. 1921లో ఏ తురుష్క ప్రభుత్వము కొరకు మహమ్మదాలీ వాల్తేరులో బందీ యయ్యెనో, ఆ ప్రభుత్వపు వారసులు ఒక తీర్మానమును ఓట్లతో త్రోసివేసిరి. ఏ జాతి సైనికుల కొరకు బందీ యయ్యెనో, ఆ జాతి వాదించి, ఆలోచించి, కాదనెను.

ఈ రెండు నిర్ణయములు సరియైనవని చెప్పుట నా ముఖ్యోద్దేశము కాదు. భిన్నాభిప్రాయములు ఉండవచ్చును. నేను చెప్పదలచినది వేరు. 1780లో సిపాయీలు తుపాకులెత్తి చెప్పినదానిని, 1918లో రైతులు బండ్లు దాచి చెప్పినదానిని, 1921లో నాయకులు చెరసాలకు పోయి చెప్పినదానిని, 1939లో మంత్రులు పదవులు విడిచి చెప్పినదానిని, 2003లో దేశము నోటితో చెప్పగలిగినది. ఇది మనకు లభించిన లాభము. అయినను అది నేటికిని అలవాటుగానే యున్నది, విధిగా లేదు. 1987 ఒక అలవాటు, 2003 ఒక అలవాటు. వచ్చెడి తరము ఏ యలవాటును ఎన్నుకొనునో ఎవరు చెప్పగలరు?

హిజ్లీ చెరసాలయందు 1951లో సాంకేతిక విద్యాలయము వెలసినది. ఆ పాత భవనము నేడు విజ్ఞాన ప్రదర్శనశాల. ఇందా నుండి దూరము కాదు. రైలు కూతలు ఇప్పటికిని రాత్రివేళ వినవచ్చుచుండును. ఆ బండ్లలో సెలవునకు ఇంటికి పోవు సైనికులును, సెలవు ముగిసి మరలు సైనికులును ఉందురు. వారిలో శ్రీకాకుళపు పిల్లవాడుండవచ్చును, మేదినీపురపు పిల్లవాడుండవచ్చును. పొమ్మన్నచోటికి పోదునని వాడు మాట ఇచ్చియున్నాడు. పొమ్మనుటకు ముందు బాగుగా ఆలోచింతుమని మనము వానికి మాట ఇచ్చితిమా? ఆ బాకీ యింకను తీరలేదు.